సాబిర్ రేడియో హౌస్‌కు ముఖ్తారు

సిరాజ్ చెయ్యి కడిగేసుకున్నాడు. పళ్లెంలో అన్నం పెట్టింది పెట్టినట్టే ఉంది.

"రెండు బుక్కలన్న తిను బేటా," అని తల్లి తాజ్ బీ బతిమాలింది.

"నాకొద్దు అమ్మీ. ఎల్లన్న వస్తడు గద, ఆయనకు పెట్టుండ్రి. ఇగ ఈ ఇంటికి పెద్దకొడుకు, చిన్నకొడుకు అంతా ఆయనే."

ఈ మాట ఇంకొకరైతే ఇల్లు అదిరేట్టు అనేవారు. సిరాజ్ మాత్రం పక్కింటికి కాదు గదా, పక్క గదికి కూడా వినపడకుండా అన్నాడు. పుట్టినప్పటి నుంచీ ఆ గొంతు అంతే, పెదాలు కూడా కదిలీ కదలనట్టే. చిన్నప్పుడు పాఠం ఒప్పజెబుతుంటే మౌల్వీ సాబ్ "నీ సబక్ నీకన్నా ఇనబడుతుందారా?" అని చెవి మెలిపెట్టేవాడట. పాతికేళ్లు దాటినా మారలేదు. కోపం వస్తే ఆ గొంతు ఇంకా లోపలికి పోతుంది.

బద్రున్నీసా పళ్లెం తీసి పొయ్యి పక్కన పెట్టి, దాని మీద మూత పెట్టింది. మరిది తినకుండా లేవడం ఈ వారంలో ఇది ఎన్నోసారో.

వారం కిందట ఆమె భర్త సాబిర్ మంచం మీద నుంచి చెప్పిన ఒక్క మాట ఇంటిని రెండు ముక్కలు చేసింది. "పట్నం దవాఖాన్ల ఎన్ని నెలలు పండుకోవాల్నో ఏమో. నేనొచ్చేదాక దుకాణానికి ఎల్లయ్య ముఖ్తారు, నా బదులు సంతకం గూడ వాడే చేస్తడు. కాగితం రాపిస్త." అంతే. ఎందుకని అడగనివ్వలేదు. సొంత తమ్ముడు ఎదురుగా నిలబడి ఉండగా కౌడిపల్లి నుంచి వచ్చి పనిలో చేరిన ఎల్లయ్య పేరు చెప్పాడు.

సాబిర్‌కు లేచి నిలబడితే నేల గిర్రున తిరుగుతుంది. రిజిస్ట్రారు ఆఫీసు మెట్లు ఎక్కే ప్రశ్నే లేదు. అందుకే దస్తావేజులు రాసే సొలొమోను దరఖాస్తు పెట్టించాడు. రోగి కనుక సబ్ రిజిస్ట్రారే ఇంటికి వస్తానని ఒప్పుకున్నాడు. ఈ రోజే, మధ్యాహ్నం జొహర్ నమాజు తర్వాత.

"ఆఖరుసారి అడిగొస్త," అని సిరాజ్ అన్న పడుకున్న గదిలోకి నడిచాడు. బద్రున్నీసా వెనకే లేచింది. గడప దాకా వెళ్లి నిలబడిపోయింది.

సాబిర్ గోడ వైపు తిరిగి పడుకున్నాడు. కళ్లు తెరిచే ఉన్నాయి.

"భయ్యా."

సిరాజ్ ఇంకో అడుగు దగ్గరికి వేశాడు.

"భయ్యా, ఒక్క మాట. దుకాణం అమ్ముదామన్నందుకే గద నీకు కోపం? వాల్వు రేడియోలు ఇగ ఎవరు కొంటరు? ఊర్ల ట్రాన్సిస్టర్లు దిగినయ్. రామాయంపేటల సడక్ మీద లారీలకు బ్యాటరీల దుకాణం పెట్టుకుందామన్న. నీ మంచికే అన్న. అంతమాత్రానికి పరాయోణ్ణి చేస్తవా?"

సాబిర్ గోడ మీద పెచ్చులూడిన సున్నాన్ని చూస్తూనే ఉన్నాడు.

సిరాజ్ బయటికి వచ్చేశాడు. "చూసిన్రా? గోడతోని మాట్లాడినా నయముండు. ఎల్లన్న వాకిట్ల నుంచి ఒక్క కేకేస్తే పలుకుతడు. నేను పక్కన నిలబడి పిలిస్తే తలకాయ తిప్పడు. ఏడాదిసంది గిదే కథ. కాగితం మీద ఎల్లన్న పేరు పడ్డంక నేను రామాయంపేట బస్సెక్కుత అమ్మీ. ఇగ ఈ గడప తొక్క."

"అట్లనకురా," అని తాజ్ బీ ఏడుపు అందుకుంది.

"సిరాజ్, జర ఆగు," అంది బద్రున్నీసా.

"ఏంది భాభీ?"

మాట గొంతు దాకా వచ్చింది. ఒక్క మాట. అది చెబితే ఈ ఇంట్లో సగం మంట అప్పటికప్పుడు చల్లారుతుంది.

"ఏం లేదు. ఎండల పోకు," అంది.

సిరాజ్ ఆమె వైపు ఒక చూపు చూసి దుకాణంలోకి వెళ్లిపోయాడు.

ఆ చూపు బద్రున్నీసాను కాల్చేసింది. ఏం చెయ్యగలదు? ఎవరికీ చెప్పనని కసమ్ చేసింది. సాబిర్ ఆమె చెయ్యి తీసి తన తల మీద పెట్టుకుని మరీ చేయించుకున్నాడు. "చెవిటోడు రేడియో బాగుచేస్తుండంటే మెదక్‌ల ఎవడన్న సెట్టు తెచ్చిస్తడా బద్రూ? నలుగురు నవ్వుతరు. అమ్మీకి గూడ చెప్పకు. సిరాజ్‌కు అసలే చెప్పకు."

అవును, సాబిర్‌కు చెవులు పోయాయి. ఏడాది పైనే అయింది. చెవిలో చీముతో మొదలై ఎముక దాకా పాకింది. ఈ తల తిరుగుడు కూడా దాని పుణ్యమే. పట్నం డాక్టరు ఆపరేషను చెవికే చేస్తానన్నాడు. ఇంట్లోవాళ్లకు మాత్రం తలకాయ ఆపరేషను అని చెప్పారు.

ఇప్పటి పిల్లలకు చెబితే నవ్వుతారు కానీ, ఒకప్పుడు మెదక్‌లో రేడియో ఉన్న ఇల్లంటే పెళ్లివారిల్లే. బద్రున్నీసా కొత్త కోడలుగా వచ్చిన ఏడు, సాబిర్ పట్నంలోని సుల్తాన్ బజారు నుంచి పాత సెట్టొకటి బస్సు మీద వేసుకొచ్చాడు. ఒళ్లో పెట్టుకుని కూచోవలసినదాన్ని పైన వేశాడని ఎల్లయ్య ఇప్పటికీ దెప్పుతాడు. దాన్ని విప్పి, తుడిచి, మళ్లీ బిగించి, ఏరియల్ తీగ కట్టడానికి మిద్దె ఎక్కాడు. పొద్దు వాలాక ఎవరూ చూడరని ఆమె కూడా ఎక్కింది. తీగ ఒక కొన ఆమె చేతిలో, ఇంకో కొన ఆయన చేతిలో. "ఇంక జర పైకి, బద్రూ! ఇంక జర!" అని ఆయన అరుస్తుంటే, కింద సెట్టులోంచి సిలోను పాట బుసబుసల మధ్య నుంచి లేచింది. ఆ క్షణం ఆమెకు ఆకాశాన్నే లాగి ఇంట్లోకి తెచ్చినట్టుంది. ఆమె కిలకిల నవ్వింది. అత్తగారు కింద నుంచి "దుల్హన్, దిగు!" అని కేక వేసేదాకా నవ్వుతూనే ఉంది.

తర్వాత మైకు సెట్టు వచ్చింది. దర్గా ఉర్సుకు అదే మైకు, బోనాలకు అదే మైకు, చర్చిలో క్రిస్మస్‌కూ అదే. ఎల్లయ్య ఆ పెద్ద గొట్టాలను భుజానేసుకుని శివ్వంపేట దాకా సైకిలు తొక్కేవాడు. ఊరేగింపుల ముందు అరిచి అరిచి అతని గొంతే ఒక లౌడ్ స్పీకరైపోయింది. మెల్లగా మాట్లాడటం మరిచేపోయాడు. చైనా యుద్ధమప్పుడు సాయంత్రం వార్తలకు దుకాణం ముందు సందు నిండిపోయేది. సాబిర్ సెట్టు తెచ్చి గడప మీద పెట్టేవాడు. వార్తలు అయిపోయినా ఎవరూ కదిలేవారు కాదు. ఆ జనాన్ని పరదా చాటు నుంచి చూస్తూ బద్రున్నీసా మురిసిపోయేది. ఇంతమందికి లోకం సంగతి వినిపించేది తన మొగుడే గదా అని.

అలాంటి మనిషికి చెవులు పోయాయి. దేవుడి మీద కోపం రాదా మరి? ఆమెకు వచ్చింది. ఇంకా పోలేదు.

అయినా ఏడాదిగా నెట్టుకొచ్చారు. రేడియో బాగైందో లేదో సాబిర్ స్పీకరు కాగితం మీద వేళ్లు ఆనించి తెలుసుకునేవాడు. గిరాకీ మాట్లాడుతుంటే పెదాలు చూసేవాడు. ఇంక మొగుడూ పెళ్లాల మాటలంటారా, మధ్యాహ్నం దుకాణం తలుపు మూశాక ఆయన హెడ్‌ఫోన్లు చెవులకు పెట్టుకునేవాడు, ఆమె మైకు పట్టుకునేది. యాంప్లిఫయర్ గొంతు పూర్తిగా పెంచితే ఆయనకు వినపడేది. కూరలో ఉప్పు సంగతి నుంచి కప్పు కారుతున్న సంగతి దాకా అన్నీ ఆ మైకులోనే. పక్కపక్కనే కూచుని మైకులో మాట్లాడుకునే ఆలుమగలు ఈ జిల్లాలో ఇంకెవరైనా ఉంటారా? ఆమెకు నవ్వొచ్చేది. ఒక్కోసారి మైకు దూరంగా పెట్టి ఏడ్చేది.

ఒక్కటే ఆమెకు అంతుపట్టలేదు. తమ్ముడంటే ప్రాణం పెట్టే మనిషి, ఎల్లయ్యను ఎందుకు ముఖ్తారు చేస్తున్నాడు? మైకులో ఎన్నిసార్లు అడిగినా, "వాని సంగతి నా దగ్గర తియ్యకు," అని హెడ్‌ఫోన్లు తీసేసేవాడు.

వాకిట్లో చెప్పుల చప్పుడైంది.

"వచ్చిన్రు చెల్లె!" అని ఎల్లయ్య సందంతా మోగేలా కేక వేశాడు. గదిలో సాబిర్ లేచి కూచున్నాడు.

సబ్ రిజిస్ట్రారు కోస్తా వైపు మనిషి. మీసాలు పెదవుల మీదికి దిగి ఉన్నాయి. కుర్చీలో కూచుంటూనే సాబిర్ మంచం చుట్టూ చూశాడు. బద్రున్నీసా, తాజ్ బీ పరదా వెనక నిలబడ్డారు. సిరాజ్ గోడకు ఆనుకుని చేతులు కట్టుకున్నాడు.

"ముఖ్తారుగా ఉండబోయేది ఎవరండీ?"

"నేనే సాబ్," అన్నాడు ఎల్లయ్య.

"మీరు బయట ఉండాలి. మీ మొహం చూసి ఆయన జవాబు చెప్పకూడదు."

ఎల్లయ్య బయటికి వెళ్లి దుకాణం మెట్ల మీద కూచున్నాడు. సాబిర్ కళ్లు అతని వెంటే పోయాయి.

సొలొమోను కాగితం చదివాడు. దుకాణం నడపడం, లైసెన్సు తిరిగి తీసుకోవడం, మైకులు కిరాయికివ్వడం, కోర్టు కచేరీకి పోవాల్సి వస్తే పోవడం, అన్నీ ఎల్లయ్య చేతికి. పేరు వచ్చిన ప్రతిసారీ సిరాజ్ దవడ బిగుసుకుంటోంది.

బద్రున్నీసాకు ధైర్యంగానే ఉంది. ఏమడుగుతారో సొలొమోను ముందే చెప్పాడు. మొదట పేరు, తర్వాత కాగితం చదివించుకున్నావా అని, ఆఖరికి నీ ఇష్టంతోనే ఇస్తున్నావా అని. వరస తప్పదన్నాడు. పొద్దున ఆ వరసలోనే సాబిర్ చేత జవాబులు చెప్పించింది. బడిపిల్లవాడిలా ఒప్పజెప్పాడు.

రిజిస్ట్రారు కాగితం మీదికి వంగి అడిగాడు. "మీ పేరు?"

"సాబిర్, సాబ్. వల్ద్ మర్హూం హకీం," అని చనిపోయిన తండ్రి పేరు కూడా చెప్పాడు.

"తలకు ఆపరేషను అంటున్నారు కదా, అందుకని రెండు మాటలు అదనంగా అడుగుతున్నాను. ఇవాళ ఏ వారం?"

"ఔ సాబ్. చదివించుకున్న."

రిజిస్ట్రారు కలం ఆగింది. బద్రున్నీసాకు అర్థమైంది, సొలొమోను చెప్పిన వరస తప్పింది.

"మీ తమ్ముడి పేరు చెప్పండి."

"ఔ సాబ్," అన్నాడు సాబిర్, గుండె మీద చెయ్యి పెట్టుకుని, ఎంతో మర్యాదగా. "నా ఇష్టంతోనే."

సిరాజ్ కట్టుకున్న చేతులు విడిపోయాయి.

రిజిస్ట్రారు కలానికి మూత పెట్టాడు. "క్షమించండి. సొంత తమ్ముడి పేరు చెప్పలేని మనిషి ఇచ్చిన అధికారం చెల్లదు. మతి స్థిమితం లేదని రాసి కాగితం తిప్పి పంపాల్సి ఉంటుంది."

"సాబ్, జర ఆగుండ్రి," అని సొలొమోను అడ్డం పడ్డాడు. "మొన్ననే నాతోని మంచిగ మాట్లాడిండు."

"ఇవాళ నాతో మాట్లాడలేదు కదండీ."

"నా కొడుకు పిచ్చోడా? యా అల్లా!" అని తాజ్ బీ కూలబడింది.

సాబిర్ అందరి మొహాలూ మార్చి మార్చి చూస్తున్నాడు. ఎక్కడో తప్పు పోయిందని తెలిసింది. ఎక్కడో తెలియలేదు. జవాబులన్నీ సరిగ్గానే చెప్పాడు గదా? ఆ చూపు బద్రున్నీసా చూడలేకపోయింది. సందులో అంతమందికి లోకం సంగతి చెప్పిన మనిషిని ఇప్పుడు పిచ్చివాడని కాగితం మీద రాస్తారు. కసమ్ నిలబెట్టుకుంటే ఆయన పిచ్చివాడు. తప్పితే చెవిటివాడు. మధ్యలో ఇంకేమీ లేదు.

"సాబ్!" అంది పరదా వెనక నుంచి. పరాయి మగవాడితో మాట్లాడటం ఆమె ఎరగదు. గొంతు తనది కానట్టుంది. "ఆయనకు మతి మంచిగనే ఉన్నది. చెవులే ఇనవడవు. ఏడాది దాటింది. మీరు అడిగింది ఆయనకు ఒక్క ముక్క ఇనవడలె."

తాజ్ బీ ఏడుపు ఆపి కోడలి వైపు తిరిగింది.

"సిరాజ్, బల్ల మీది యాంప్లిఫయర్ తెచ్చి ఈడ పెట్టు. హెడ్‌ఫోన్లు మీ భయ్యా చెవులకు పెట్టు. మైకు సాబ్ చేతికియ్యి."

సిరాజ్ నిద్రలో నడిచినట్టు అన్నీ తెచ్చాడు. స్విచ్చి వేశాడు. వాల్వులు ఎర్రబడటానికి ఎప్పుడూ పట్టే సమయమే పట్టింది. ఇవాళ అది ఒక యుగంలా ఉంది. చెవులకు హెడ్‌ఫోన్లు తగలగానే సాబిర్‌కు అంతా అర్థమైంది. అతని మొహం కందగడ్డలా అయింది. పరదా వైపు చూడకుండా ఒళ్లో చేతులు పెట్టుకున్నాడు.

"ఇవాళ ఏ వారమండీ?" అని రిజిస్ట్రారు మైకులో అడిగాడు.

"బేస్తవారం సాబ్."

"మీ తమ్ముడి పేరు?"

"సిరాజ్." కొంచెం ఆగి, "చిన్నప్పుడు సిరూ అంటుంటిమి," అన్నాడు.

రిజిస్ట్రారు తల ఊపి మైకు కింద పెట్టబోయాడు. సిరాజ్ అందుకున్నాడు. దాన్ని నోటి దగ్గర పెట్టుకున్నాడు.

"భయ్యా, నేను."

సాబిర్ ఉలిక్కిపడి తల ఎత్తాడు. "సిరూ?"

"ఏడాదిసంది పిలుస్తనే ఉన్న భయ్యా. ఎల్లన్న పిలిస్తే పలుకుతుంటివి. నేను పిలిస్తే పలకకపోతివి. నేనంటే గిట్టదనుకున్న."

"పిలిచినవా?" సాబిర్ ముందుకు వంగాడు. "నిజంగ పిలిచినవా? ఎల్లయ్య మాట ఇనబడుతుండె. అమ్మీ లొల్లి పెడితే జరంత ఇనబడుతుండె. నీదొక్కటే ఇనబడకపోతుండె. దుకాణం అమ్మనియ్యనన్న కాడికెల్లి నువ్వే నాతోని మాట బంద్ జేసినవనుకున్న తమ్మీ. మాట్లాడనోని చేతుల ఏం పెట్టాలె అని..."

సిరాజ్ మైకు పట్టుకునే మంచం పక్కన కూలబడి ఏడ్చాడు. ఆ ఏడుపు వైరు గుండా పోయి సాబిర్ చెవుల్లో పడుతోంది. సాబిర్ హెడ్‌ఫోన్లను రెండు చేతులతో గట్టిగా అదుముకున్నాడు, ఒక్క వెక్కు కూడా జారిపోనివ్వనట్టు.

పరదా వెనక బద్రున్నీసా నోట్లో కొంగు కుక్కుకుంది. ఇద్దరి గొంతులూ విన్నది ఈ ఇంట్లో తానొక్కతే. ఏడాది పాటు ఇటు వాడిది, అటు ఈయనది, రెండూ తనకు వినపడ్డాయి. ఒక్క మాట అటూ ఇటూ చేరవేసి ఉంటే?

ఎల్లయ్య గడప మీదికి వచ్చి నిలబడ్డాడు. "నాకెప్పుడో అనుమానమే చెల్లె," అన్నాడు. ఇన్నేళ్లకు మెల్లగా మాట్లాడే ప్రయత్నం ఇవాళ చేశాడు. "అందుకే ఇంక జర గట్టిగ అరుస్తుంటి."

సాబిర్ కళ్లు తుడుచుకున్నాడు. "సొలొమోనూ, ఎల్లయ్య పేరు కొట్టేసి నా తమ్ముని పేరు రాయి."

"వద్దు," అన్నాడు సిరాజ్ మైకులో. "నాకు తెల్సింది అమ్ముడే. నిన్నటిదాక అమ్ముదామనే చూసిన. భాభీ పేరు రాయుండ్రి సాబ్. ఈ దుకాణాన్ని ఇన్నొద్దులు మోసింది ఆమెనే అని ఇప్పుడు ఎర్కైంది."

"గదే మంచిగుంటది," అన్నాడు ఎల్లయ్య. "మైకులు మోసుడు ఎట్లైనా నా పనే. కాగితం లేకున్నా మోస్త."

రిజిస్ట్రారు సొలొమోను తీసిన కొత్త కాగితం వైపు, పరదా వైపు చూశాడు. "ఆడవారు ముఖ్తారుగా ఉండకూడదని ఎక్కడా లేదు. ఘోషా ఉన్నా అభ్యంతరం లేదు. ఇచ్చే ఆయన నోటితో ఒక మాట, తీసుకునే ఆవిడ నోటితో ఒక మాట కావాలి. సాబిర్ గారూ, మీ భార్యకు ఇస్తారా?"

సిరాజ్ ఆ మాట మైకులో మళ్లీ చెప్పాడు.

సాబిర్ ఇందాకటి నుంచి చూడని పరదా వైపు ఇప్పుడు చూశాడు.

"నా తల మీద చెయ్యి పెట్టి కసమ్ చేసినవ్ గద బద్రూ," అన్నాడు. కోపం లేదు ఆ గొంతులో. కోపమైతే ఆమె ఓర్చుకునేది.

తర్వాత హెడ్‌ఫోన్లు తీసి ఒళ్లో పెట్టుకుని గోడ వైపు తిరిగాడు.

సిరాజ్ మైకును పరదా కింద నుంచి లోపలికి జరిపాడు. బద్రున్నీసా రెండు చేతులతో పట్టుకుంది. "అజీ," అంది. ఆయన ఒళ్లోని హెడ్‌ఫోన్లలోంచి ఆమె గొంతు గదిలో అందరికీ సన్నగా వినిపించింది. "అజీ, ఇటు చూడుండ్రి. పిచ్చోడంటుంటే ఊకోలేకపోయిన."

సాబిర్ కదలలేదు. అతని వీపు చూస్తూ ఆమె నిలబడిపోయింది. ఏ మాట ఆయనకు అందుతుందో, ఏది అందదో ఏడాదిగా ఈ లోకంలో తెలిసింది ఆమె ఒక్కదానికే. ఇప్పుడు ఆయనకు వినపడలేదో, వినదలుచుకోలేదో ఆమెకు తెలియలేదు.

"ఆయన మాట ఇంకా రాలేదు. ముందు మీ మాట చెప్పండమ్మా," అన్నాడు రిజిస్ట్రారు, కలం మూత తీస్తూ.